ఏడున్నర నుంచి ఎనిమిది దాకా

పప్పుకి తాలింపు పెట్టి, పుల్కాల పిండి కలిపి తడిగుడ్డ కప్పేసరికి ఏడుంబావు దాటింది. వసుంధర స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వెళ్ళబోతోంది. మంచినీళ్ళకోసం వచ్చిన రఘువీర్ గ్లాసు నింపుకుంటూ నవ్వాడు.

"టైమైందా? వెళ్ళు వెళ్ళు. నువ్వు వెళ్ళకపోతే ఆ వీధిలో వాళ్ళు తలుపులు తీయరు."

ఆమె కూడా నవ్వింది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఏడున్నరకి బ్రిటన్ వాళ్ళ ఛానల్లో 'మిల్ గేట్' అనే సీరియల్ వస్తుంది. ఐర్లండు వచ్చి మెయ్‌నూత్‌లో కాపురం పెట్టిన కొత్తలో మొదలైన అలవాటు. వారానికి మూడు అరగంటలు ఆమెను ఎవరూ పిలవరు. పొరపాటున పిలిచినా "సీరియల్ అయ్యాక" అంటే సరిపోతుంది. ఎనిమిదికి లేచి పుల్కాలు కాల్చి వడ్డిస్తుంది. మిగతా విషయాల్లో ఇంత బుద్ధిగా ఉండే మనిషికి ఈ ఒక్క పిచ్చీ ఉందిలే అని అందరూ క్షమించేశారు. క్షమించడంలో కాస్త సరదా కూడా పడ్డారు.

మొదట్లో అది పిచ్చి కాదు, చదువు. తెనాలిలో బీకాం చదివిన ఇంగ్లీషు ఇక్కడి కూరగాయల కొట్లో ఒక్క పూటకి కూడా పనికిరాలేదు. రఘువీర్ పొద్దున్నే లెపర్డ్స్‌టౌన్‌లో ఆఫీసుకి వెళ్ళిపోతే, చంకలో పసిపిల్లతో ఆమెకు మాటలు వినిపించేది ఆ టీవీ ఒక్కటే. ఉత్తర ఇంగ్లండులో ఏదో ఊరు, మూతపడ్డ నూలుమిల్లు, దాని పక్కన ఒక వీధి. అందులో మురియెల్ అని ఒకావిడ బట్టలు సరిచేసే కొట్టు నడిపేది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, పెళ్ళిబట్టలు వదులు చేయడం. వీధిలో ఎవరి గొడవైనా ఆ కొట్లోనే బయటపడేది, ఎందుకంటే కొలతలిచ్చే మనిషి కదలకుండా నిలబడాలి, ఊరుకోలేక మాట్లాడుతుంది. మురియెల్ మొగుడు పోయిన మర్నాడు ఒకాయన ప్యాంటు పట్టుకుని వచ్చాడు. పాపం అతనికి సంగతి తెలీదు. ఆమె కొట్టు తీసింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని అతని కాళ్ళ దగ్గర మోకాళ్ళమీద కూర్చుని అంచు మడిచింది. నోట్లో సూదులున్న మనిషి ఏడవడానికి లేదు. మాట్లాడటానికీ లేదు. సంగీతం కూడా లేదు. చివరి సూది గుచ్చాక, "గురువారం రండి" అంది. అంతే. వసుంధర ఒళ్ళో పిల్ల నిద్రపోయిందని కూడా చూసుకోకుండా అలాగే కూర్చుండిపోయింది. మనింట్లో జరిగేదే ఎవరో టీవీలో పెట్టారే అనుకుంది.

మాటలు కూడా మురియెల్ దగ్గరే నేర్చుకుంది. అదే చిక్కొచ్చి పడింది. ఆ ఊరి యాస ఇంగ్లండులో ఆ మూలదనీ, ఐర్లండులో ఎవరూ అలా మాట్లాడరనీ ఆమెకు ఎవరు చెప్పారు గనుక? ఒకరోజు పోస్టాఫీసులో తన వెనక నిలబడ్డ ముసలి పాదిరీగారు ఆమె కింద పడేసుకున్న గొడుగు తీసి ఇచ్చారు. వసుంధర నిండు మర్యాదతో, "టా, లవ్" అంది, అంటే థాంక్స్ బంగారం అని. వెళుతూ వెళుతూ, "టరా, చక్" అని కూడా అంది, వస్తా కన్నా అన్నట్టు. లైను మొత్తం నవ్వింది. ఆ పాదిరీగారు మాత్రం నవ్వకుండా, టోపీ తీసి, "టరా, చక్" అని అంతే మర్యాదగా బదులిచ్చారు. ఆయన దయగల మనిషి. ఇంటికొచ్చి చెబితే రఘువీర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తరవాత ఉగాదికి నలుగురు చేరినా, ఎవరి గృహప్రవేశమైనా, "మా ఆవిడ ఇంగ్లీషు ఇంపోర్టెడ్ అండీ, మిల్లుల్లో తయారైంది" అని మొదలుపెట్టి ఆ కథ చెప్పేవాడు. ఆమె ప్లేట్లు అందిస్తూ నవ్వేది. అతను చెడ్డవాడు కాడు. ఆ కథలో తన భార్య ముద్దుగా ఉంటుందనే అతని ఉద్దేశం. కాని ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా అందులో ఆమె అప్పుడే విమానం దిగిన మనిషే. మధ్యలో ఆమె ఒక ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుందనీ, రోజుకి పాతికమందితో ఫోన్లో మాట్లాడి ఒప్పిస్తుందనీ ఆ కథలోకి ఎప్పుడూ రాలేదు.

కోవిడ్ వచ్చాక అందరూ ఇంట్లోనే ఉండిపోయారు. ఎవరికి ఏ గది అన్న ప్రశ్నకి జవాబు ఎవరూ చర్చించకుండానే తేలిపోయింది. చిన్న గది రఘువీర్‌ది, రెండు మానిటర్లు, తిరిగే కుర్చీ. ఆ తలుపు వేసి ఉంటే ఇల్లంతా మునివేళ్ళ మీద నడవాలి. కూతురు వర్షిత గది వర్షితది, లీవింగ్ సర్ట్ పరీక్షల పిల్ల, అంటే ఇక్కడి ఇంటర్. కింద ముందుగదిలో సోఫాకమ్‌బెడ్ మీద మామగారు శేషయ్య. ఆయన భార్య పోయాక మార్పుకోసమని శీతాకాలంలో వచ్చారు. వేసవికి తిరుగుటిక్కెట్టు ఉండేది. విమానాలు ఆగిపోయాయి, ఏడాది తిరిగిపోయింది. వసుంధరకి మిగిలింది పడకగదిలో ఇస్త్రీబల్ల. దాన్ని నడుమెత్తుకి లేపి, మీద లాప్‌టాప్ పెట్టుకుని, రద్దయిన విహారయాత్రల డబ్బు గురించి జనం అరుస్తుంటే నెమ్మదిగా సమాధానం చెప్పేది. ఆ గది తలుపు వేసి ఉన్నా వేసినట్టు కాదు. రఘువీర్ తలుపు తీసి, ఫోన్లో ఉన్న ఆమెకు చేతులతో, చార్జరెక్కడ అని సైగ చేసేవాడు. వర్షిత వచ్చి, "అమ్మా, ఈజ్ దేర్ ఎనీథింగ్ ఇన్ ద ప్రెస్?" అని అడిగేది. ప్రెస్ అంటే ఇక్కడ వంటింటి అలమర. దాని తలుపు తీస్తే తెలిసే సంగతి కూడా అమ్మే చెప్పాలి. ఆమె మేనేజరు వీడియోలో, "నువ్వు గొప్పదానివి వసూ, ఒక్కసారీ కంప్లయింట్ చెయ్యవు" అంది. వసుంధర థాంక్స్ చెప్పింది.

అన్నీ ఒకెత్తు, మిల్ గేట్ పాడైపోవడం ఒకెత్తు. నిజానికి కోవిడ్‌కి ముందే జబ్బు పట్టింది. పాత రచయితలు ఎటు పోయారో తెలీదు. ఒక క్రిస్మస్‌కి మురియెల్ కొట్టు మీదికి లారీ దూసుకొచ్చి పేలిపోయింది. అంతకాలం వీధి మొత్తం బరువు మోసిన మనిషిని ప్రకటనల విరామానికి ముందు చంపేసి, ఆ జాగాలో ఒక గూండా నడిపే నైట్‌క్లబ్ పెట్టారు. అప్పటినించీ ఎవరో ఒకరు ఎవరినో పాతిపెడుతూనే ఉన్నారు. ఎవరూ టీ పూర్తిగా తాగరు. ఎవరూ గిన్నె కడగరు. బాధ ఎంతుందో మనకి తెలీదేమోనని వెనకాల పియానో వాయిస్తారు. కోవిడ్‌లో షూటింగ్ ఆగి, మళ్ళీ మొదలయ్యాక ఇంకా విచిత్రం. ఇద్దరి మధ్య రెండు మీటర్ల దూరం ఉంచాలట. భార్యాభర్తలు రోడ్డుకి ఆ చివరొకరు ఈ చివరొకరు నిలబడి, ప్రేమిస్తున్నానని అరుచుకుంటారు. అరగంటలో మూడోవంతు ప్రకటనలే. సోఫాలు, జూదం యాప్‌లు, మెట్లెక్కలేనివాళ్ళకి కుర్చీలు. అది కాగానే ఎవరో పేరున్నవాళ్ళు పురుగులు తినే కార్యక్రమం. ఒకప్పుడు ఆ వేళకి అదే ఛానల్లో మంచి నాటకం వచ్చేది.

శేషయ్యగారు కూడా పక్కన కూర్చుని చూసేవారు. ఆయన గదే అది, ఎక్కడికి పోతారు?

"ఈ పిల్లాడు ఎవరమ్మా?"

"ఆ క్లబ్బు ఓనరు కొడుకు మామయ్యగారూ."

"మొన్న చచ్చిపోయాడుగా?"

"వాడు కవలల్లో రెండోవాడు."

"ఓహో," అనేవారాయన. కాసేపు చూసి, "వీళ్ళకి పనీపాటా ఏం ఉండదా అమ్మా? ఇంతమంది ఇళ్ళల్లో ఒక్కరూ బియ్యం కడగరు" అనేవారు. ఆయన డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన మనిషి. పక్కనే ఉన్నదాన్ని నిదానంగా చూసే అలవాటు. వసుంధరకి ఆయన మాట నచ్చింది. కాని ప్రతి పాత్రకీ వంశవృక్షం చెప్పేసరికి ఆమె అరగంట కూడా కొలువులాగే అయ్యేది.

ఏప్రిల్లో ఒక ఉదయం పెరటి గోడ దగ్గర బెర్నీ కనిపించింది. బెర్నీ పక్కింటావిడ, డెబ్భై దాటింది, ఒక్కతే ఉంటుంది. సీరియల్ వచ్చిన మర్నాడు పొద్దున్నే ఇద్దరూ గోడకి ఇటూ అటూ నిలబడి, జరిగిన కథంతా మళ్ళీ చెప్పుకోవడం వాళ్ళ ఆనవాయితీ. తెనాలిలో వసుంధర వాళ్ళమ్మ, ఎదురింటి గిరిజాకుమారిగారు కుళాయి దగ్గర ఇదే చేసేవారు. అసలు చూసినదానికంటే చెప్పుకున్నదే బాగుండేది. ఈమధ్య బెర్నీ గోడ దగ్గరికి రావడం తగ్గింది.

"నిన్న చూశావా?" అంది వసుంధర. "ఆ నర్సుని కొండమీంచి తోసేశారు."

"నేను మానేశాను బంగారం," అంది బెర్నీ ఇంగ్లీషులో, అదేదో చిన్న సంగతన్నట్టు. "ఈస్టర్ ముందు లెంట్ ఉపవాసాల నలభై రోజులూ ఏదో ఒకటి వదులుకోవాలిగా. ప్రతి ఏడూ చాక్లెట్ వదిలేదాన్ని. ఈసారి ఆ సీరియల్ వదిలాను. ఈస్టర్ అయింది. టీవీ మీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. అయామ్ గ్రాండ్ వితౌట్ ఇట్."

"మరి ఆ అరగంట ఏం చేస్తున్నావు?"

బెర్నీ ఆమెను వింతగా చూసింది. "ఏం చెయ్యాలి? కూర్చుంటాను."

ఇంట్లోకి వచ్చాక ఇస్త్రీబల్ల ముందు నిలబడి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటూ వసుంధర ఆ మాట రెండుమూడుసార్లు అనుకుంది. కూర్చుంటాను. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అది చాలా చిన్న మాట. తను ఊరికే కూర్చున్నది ఎప్పుడు? వర్షిత పుట్టినప్పుడు ఆస్పత్రిలోనా? అప్పుడూ పడుకునే ఉంది, పాలిస్తూ. బెర్నీ ఒంటరిది, కాబట్టి చెల్లింది. తను కూర్చుంటే ఎవరో ఒకరు అడుగుతారు, ఒంట్లో బాగాలేదా అని. బాగానే ఉందంటే, అయితే కాస్త ఇది చూడు అంటారు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర రఘువీర్ చెప్పాడు.

"రేపటినించి ఎనిమిదికి నాకు కాల్ ఉంటుంది. అమెరికా టీముతో, రోజూ. ఏడింటిదాకా ఇక్కడివాళ్ళ కాల్. కాబట్టి ఏడున్నరకి తినేద్దాం. సరేనా?"

"ఏడున్నరకా?" అంది వసుంధర.

"సీరియల్ అంటావు. నువ్వే అంటున్నావుగా, చెత్తగా ఉంటోందని. పోనీ రికార్డు చేసుకో. ఎప్పుడైనా చూసుకోవచ్చు."

"దట్స్ ఫెయిర్, అమ్మా," అంది వర్షిత. "ఇట్స్ ఆఫుల్ నౌ, లైక్."

"ముందే చేసి హాట్‌ప్యాక్‌లో పెడతాను," అంది వసుంధర.

"పుల్కా హాట్‌ప్యాక్‌లో పెడితే తోలైపోతుంది వసూ. రోజంతా ఆ కుర్చీలో కూర్చుంటాను. వేడిగా రెండు తినడం ఒక్కటే నాకు ఉన్న సుఖం."

అతను నిజమే చెప్పాడు. అబద్ధం చెప్పి ఉంటే ఆమెకు తేలికయ్యేది. పుల్కా అంటే తినేవాళ్ళు కూర్చుని ఉండగా, ఒకరు స్టవ్ దగ్గర నిలబడి ఒక్కొక్కటే పొంగించి, పొగలొస్తుండగా కంచంలో వెయ్యడం. ఈ ఇంట్లో ఆ ఒకరు ఎవరో ఎప్పుడూ ఎవరూ అడగలేదు. మాటలు రఘువీర్ ప్రాజెక్టు మీదికి వెళ్ళిపోయాయి. వసుంధర అందరికీ మజ్జిగ పోసింది.

సోమవారం ఆమె ఏడున్నరకి పుల్కాలు కాల్చింది. బాగా పొంగాయి. అతను మూడు తిని, "అబ్బ" అన్నాడు మనస్ఫూర్తిగా. గిన్నెలు కడిగి, స్టవ్ తుడిచి, మామగారికి పాలిచ్చి, రికార్డు చేసిన మిల్ గేట్ పెట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ అక్కర్లేని వేళ అది. ఎవరో ఎవరినో ఫ్రీజరులో దాచారు, పియానో వాయించారు. వసుంధర సగంలోనే ఆపేసింది. సీరియల్ దొరికింది. మరి పోయిందేమిటి?

టీవీ ముందే కూర్చుని ఆమె దాని సంగతి ఆలోచించింది. మురియెల్ పోయిన నాటినించీ ఆ వీధి మీద తనకి ప్రేమ లేదు. ప్రకటనలు చూసింది, పురుగులు తినేవాళ్ళను చూసింది, రెండు మీటర్ల దూరపు కౌగిలింతలు చూసింది. ఎందుకు? చూడకపోతే లేవాలి కాబట్టి. ఆడవాళ్ళకి సీరియల్ పిచ్చి ఉంటుందని లోకం ఒప్పుకుంది. ఆ పిచ్చిని చూసి నవ్వుతుంది, నవ్వుకి బదులుగా అరగంట ఇస్తుంది. ఇన్నేళ్ళూ ఆమె ఆ నవ్వు కట్టి ఆ అరగంట తెచ్చుకుంది. ఇప్పుడు సీరియల్ ఎంత పాడైందంటే దాన్ని చూపించి అడగడానికి తనకే మొహం చెల్లడం లేదు. బాగున్న రోజుల్లో అయితే పోట్లాడేదేమో. ఇంత చెత్తకోసం పోట్లాడితే, చెత్తకోసం పోట్లాడే మనిషినవుతాను. అసలు పోట్లాడవలసింది దేనికోసమో దానికి పేరు కూడా లేదు. కారణం లేని అరగంట. చదువుకోసం కాదు, జబ్బుకోసం కాదు, దేవుడికోసం కాదు. అలాంటిది అడగొచ్చా? రఘువీర్ అడగడు. అతనికి అడగవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. మగవాళ్ళు సోఫాలో కూర్చుంటే కూర్చున్నారనే అంటారు. ఇంకేం చేస్తున్నావని ఎవరూ అడగరు.

మంగళవారం ఆమె మామూలుగా పని చేసుకుంది, మామూలుగా పుల్కాలు కాల్చింది. కోపం ఏమీ రాలేదు. లోపల ఏదో కుదుటపడుతున్నట్టు ఉంది. కాల్చుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ముగ్గురూ తింటున్నారు. వీళ్ళు తనవాళ్ళు. ఆ అరగంట కావాలని చెబితే ఇల్లేమీ కూలదు. మహా అయితే పుల్కాలు వంకరగా వస్తాయి.

బుధవారం పిండి కలిపి తడిగుడ్డ కప్పి, పప్పూ కూరా బల్లమీద పెట్టి, ఏడున్నర అవుతుండగా ముందుగదిలోకి వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. టీవీ పెట్టలేదు. ఏప్రిల్ కాబట్టి బయట ఇంకా ఎండగానే ఉంది. యూనివర్సిటీ వైపునించి ఎవరో కుర్రాళ్ళు మాస్కులు గడ్డం కిందికి లాక్కుని ఐస్‌క్రీములు తింటూ వెళుతున్నారు. సోఫాలో శేషయ్యగారు పేపరు దించి ఆమెను చూశారు.

"రిమోట్ కావాలా అమ్మా?"

"వద్దు మామయ్యగారూ."

ఆయన మళ్ళీ పేపరు ఎత్తారు. ఎవరు ఎవరికి ఏమవుతారో ఎవరికీ చెప్పనక్కర్లేని నిశ్శబ్దం ఆ గదిలోకి వచ్చింది. కాసేపటికి మెట్లమీద రఘువీర్ అడుగుల చప్పుడు, వంటింట్లో కుర్చీ లాగిన చప్పుడు.

"వసూ? పుల్కాలు?"

"పిండి కలిపి ఉంది," అంది ఆమె కూర్చునే.

అతను గుమ్మంలోకి వచ్చాడు. నల్లగా ఉన్న టీవీని చూశాడు, ఆమెను చూశాడు. "సీరియల్ రావట్లేదా ఇవాళ?"

"వస్తోంది. చూడట్లేదు."

"తలనొప్పా?"

"లేదు. బాగానే ఉన్నాను."

"మరి ఏం చేస్తున్నావు?"

ఈ ప్రశ్నకి ఆమె రెండు రోజులుగా జవాబులు వెతికి పెట్టుకుంది. ధ్యానం అనొచ్చు. డాక్టరు విశ్రాంతి తీసుకోమంది అనొచ్చు, డాక్టరు పేరు చెబితే ఎవరూ కాదనరు. ఆఫీసువాళ్ళు ఏదో ఆన్‌లైన్ కోర్సు చెయ్యమన్నారనొచ్చు. అన్నీ పనిచేస్తాయి. అన్నీ మళ్ళీ మిల్ గేట్ లాంటివే, ఇంకొన్నాళ్ళకి పాడైపోతాయి.

"ఏమీ చేయట్లేదండీ," అంది. "ఎనిమిదిదాకా ఇక్కడ కూర్చుంటాను. పెనం స్టవ్ మీదే ఉంది. కాల్చుకుంటారా, అన్నం పెట్టుకుంటారా, మీ ఇష్టం."

రఘువీర్ నవ్వడానికి సిద్ధపడ్డాడు. ఇందులో నవ్వదగ్గది ఏదో ఉండే ఉంటుందని ఆమె మొహంలో వెతికాడు. దొరకలేదు. ఆమె మొహంలో కోపం ఉండి ఉంటే బతిమాలేవాడు, ఏడుపుంటే కంగారుపడేవాడు. అది హాయిగా ఉంది. దానికి ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

"నాకు ఎనిమిదికి కాల్ ఉంది," అన్నాడు నెమ్మదిగా.

"తెలుసు."

శేషయ్యగారు పేపరు మడిచి లేచారు. "రారా, నేను ఒత్తుతాను, నువ్వు కాల్చు. మీ అమ్మ పోయాక నేర్చుకున్నాన్లే, గుండ్రంగా రావు గానీ తినొచ్చు." కొడుకు భుజంమీద చెయ్యివేసి బయటికి తీసుకెళ్ళి, వెళుతూ గది తలుపు దగ్గరగా వేశారు. చప్పుడు కాకుండా, లోపల ఎవరో పనిలో ఉన్నప్పుడు వేసినట్టు.

వంటింట్లోంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. అప్పడాలకర్ర ఎక్కడని ఒకరు, ఏ ప్రెస్ అని ఒకరు. మాడిన వాసన. వర్షిత దిగివచ్చి, "డాడ్, వాట్ ఈజ్ దట్? ఈజ్ దట్ ఆస్ట్రేలియా?" అంటోంది. మామగారి నవ్వు. వసుంధర కాళ్ళు ఒకసారి వాటంతటవే లేవబోయాయి. ఆమె వాటిని కూర్చోబెట్టింది. వీధిలో ఎండ ఎదురింటి గోడ మీదినించి నెమ్మదిగా పైకప్పు మీదికి ఎక్కుతోంది. ఇన్నేళ్ళుగా ఆ కిటికీకి వీపు పెట్టి టీవీ చూసింది కాబట్టి, సాయంత్రం వెలుగు ఆ వీధిలో ఇలా పోతుందని ఆమెకు తెలియదు. ఏ ఆలోచనా పెద్దగా రాలేదు. వచ్చినవి కూడా ఏమీ అడగకుండా వెళ్ళిపోయాయి.

ఎనిమిదికి తలుపు తెరుచుకుంది. రఘువీర్ చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఉన్నాడు, చొక్కా ముందంతా పిండి. ఒక చేతిలో లాప్‌టాప్, ఇంకో చేతిలో పళ్ళెం. పళ్ళెంలో ఒక పుల్కా, సగం పొంగింది, ఒక పక్క నల్లబడింది.

"నీకు," అన్నాడు. ఆమె అందుకుంది. అతను వెళ్ళబోయి ఆగాడు.

"రేపు గురువారం," అన్నాడు. "సీరియల్ ఉండదు కదా?"

"ఉండదు," అంది వసుంధర పుల్కా తుంచుతూ. "ఏడున్నరకి వంటింట్లో నేనూ ఉండను."